ఇద్దరి బరువు

“ఆ బ్యాటరీ ఎయ్యొద్దు మే. చచ్చిందాన్ని అట్నే పడుండనీ,” అంది దమయంతి మంచం మీద నుంచి.

కూతురు సునయన వినిపించుకోలేదు. బరువు చూసే మిషన్‌ను తిరగేసి, చెంచా కొనతో వెనక మూత ఊడదీసింది. పొద్దున ఎక్కితే అంకెలు ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. రూపాయి బిళ్లంత బ్యాటరీ కోసం వాషర్‌మెన్‌పేట్‌లో నాలుగు వీధులు తిరిగి, చివరికి కన్నియప్పన్ వాచీల కొట్లో పట్టుకొచ్చింది.

“అయిదింటికి ఆస్పత్రి సిస్టర్ ఫోన్ చేస్తాదమా. బరువు చెప్పకపోతే రేపటికి మందు కలపరు.”

“కలపకపోతే పోనీ.”

“నీకేం, సులువుగా అనేస్తావు.”

దమయంతికి కేన్సర్. నాలుగు కీమోలు అయ్యాయి, రేపు అయిదోది. నయం కాదని డాక్టరు ముందే చెప్పాడు. వేయించుకుంటూ ఉంటే ఇంకో మూడు నెలలు ఎక్కువ ఉండొచ్చన్నాడు. సునయన ఆ మూడు నెలలనే పట్టుకుని ఉంది. మనిషి ముప్పైఆరు కిలోల కన్నా తగ్గితే మాత్రం ఒళ్లు తట్టుకోదు, ఇక తీసుకురావద్దు, ఇంట్లోనే పెట్టుకుని చూసుకోండి అని కూడా అన్నాడు.

బ్యాటరీ పెట్టింది. వెలగలేదు. తిప్పి పెట్టింది. సున్నా వెలిగింది.

ముందు తను ఎక్కింది. యాభైఎనిమిది. దిగి, తల్లి వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేసింది. దమయంతి కాళ్ల మీద నిలబడి నెల దాటింది.

“నొప్పి మే... మెల్లిగా.”

“అయిపాయ, అయిపాయ. ఒక్క నిమిషం ఓర్చుకో.”

తల్లిని ఎత్తుకుని మళ్లీ మిషన్ ఎక్కింది. కొంగు అడ్డొస్తుంటే మెడ వంచి కిందికి చూసింది. అంకెలు గబగబా మారి ఆగాయి. తొంభైనాలుగున్నర. అందులోంచి తన బరువు తీసేసింది. నమ్మలేక ఇంకోసారి తీసేసింది.

“ముప్పైఆరున్నర! అమా, అర కిలో ఎక్కువే ఉండావు! రేపు పోవచ్చు!”

దమయంతి పోయినసారి కీమో తర్వాత నోరంతా పూసి, పన్నెండు రోజులు గుక్కెడు నీళ్లు మింగడానికి ఏడ్చిన మనిషి. మెల్లిగా రెండు చేతులూ కూతురి మెడ చుట్టూ వేసి, చెవి దగ్గరికి నోరు తెచ్చింది.

“ఆ నాలుగూ నీకోసరం ఏయించుకున్నా. చాలు తల్లీ, ఇంక చాలు. ఇది ఒక్కటీ నాకోసరం మానెయ్యి.”

“ఏం మాటలమా అవి...” అనబోయింది సునయన. చేతులు లాగుతున్నా తల్లిని దించబుద్ధి కాలేదు. కాళ్ల కింద అంకెలు ఆరిపోయాయి. అయినా మిషన్ మీదే నిలబడి ఉంది.

ఫోన్ మోగింది.

తల్లిని పడుకోబెట్టి ఫోన్ తీసింది. దమయంతి గోడ వైపు తిరిగింది.

“అక్కా, ఆస్పత్రి నుంచి జెబ మాట్లాడుతున్నా,” అంది నర్సు. “అమ్మ బరువు చూశారా? పోయినసారి ముప్పైఏడు ఉన్నారు. రేపటి మందుకు రాసుకోవాలి.”

“చూసినా సిస్టర్.”

“ఎంత?”

సునయన తల్లి వీపు వైపు చూసింది. వదులైపోయిన జాకెట్టు భుజం మీంచి జారి ఉంది. వంగి దాన్ని పైకి లాగి సర్దింది. కళ్లు తుడుచుకుంది.

“ముప్పైనాలుగు,” అంది.