కోడ్ వెళ్లిన నంబరు

ఆర్హుస్ నగర లైబ్రరీలో ఇంగర్ తన సోషల్ మీడియా ఖాతా పాస్‌వర్డ్ మార్చబోయింది. సాయం చేస్తున్న లైబ్రేరియన్ బెంటె స్క్రీన్ చూసి ఆగింది.

"కోడ్ వేరే నంబరుకి వెళ్లిందండీ."

"మా ఆయనది. ఖాతా తెరిచింది ఆయనే."

అంతలో ఇంగర్ ఫోన్ మోగింది. భర్త గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"ఏదో కోడ్ వచ్చింది. చదవమంటావా, లైబ్రరీకే రమ్మంటావా?"

లైబ్రరీకి వస్తున్నట్టు ఆమె అతనికి చెప్పలేదు. ఫోన్ పెట్టేసింది.

"మీ ఫోన్ ఒకసారి ఇస్తారా? మా అక్కతో మాట్లాడాలి."

బెంటె ఇచ్చింది. ఇంగర్ వేలు అంకెల మీదే ఆగిపోయింది. ఆమె ఫోన్‌లోంచి అక్క నంబరు భర్త ఎప్పుడో తీసేశాడు; అతని నంబరు తప్ప ఆమెకు ఇంకేదీ గుర్తులేదు.

"అక్క ఇల్లు తెలుసా?" అంది బెంటె.

"స్కేగెన్‌లో. కళ్లు మూసుకుని వెళ్లగలను."

"పదండి, రైలెక్కిస్తాను."

ఇంగర్ తన ఫోన్‌ని బల్ల మీదే వదిలేసి లేచింది.