పొరుగు పలక

ఆ ఆదివారం ఉదయం సైమన్ చేతిలో ఉన్నవి మూడే. కోటగోడల నడుమ ఉన్న పాత చర్చి తాళంచెవి, ఒక సీసా ప్లమ్ సారా, గుండె ఆకారంలో చెక్కిన ఒక కొయ్య పలక.

కావలసినవి మాత్రం ఎక్కువ. మనుషులు కావాలి. వాళ్ళ చేతులు కావాలి. రేపు పొద్దున్నే పట్నం నుంచి పాస్టర్ గారు వస్తారు. ఆయన వచ్చేలోగా చర్చి వెనక పని పూర్తవ్వాలి. అదీ కూలీలతో కాదు, పొరుగు సంఘంతో. రెగీనా అడిగిందల్లా అదొక్కటే. సైమన్ భార్యకు మాటిచ్చాడు. ఊళ్ళో దుకాణం నడిపినన్నాళ్ళూ అతను ఒప్పుకున్న సరుకు అందించకపోవడం ఎరగడు.

పొరుగు సంఘం అంటే వీధిలోని ఇళ్ళన్నీ. పని పడ్డ ఇంటివాడు పలకను పక్కింట్లో ఇస్తాడు. వాళ్ళు ఆ పక్కింటికి అందిస్తారు. పలక ముట్టినవాడు పనికి రావాల్సిందే. తన ఇంటి పనికి తాను పార పట్టకూడదు. చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పకూడదు. రేపు వాళ్ళకు పని పడితే వెళ్ళి చేయడమే చెల్లింపు.

రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో తరాలుగా జర్మన్లు బతికిన ఆ వీధి నుంచి మిగతా కుటుంబాలన్నీ ఒక్కొక్కటిగా జర్మనీకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు పొగ లేచేది సైమన్ ఇంటి గొట్టంలోంచే. అందించడానికి పక్కిల్లు లేక పలక ఏళ్ళ తరబడి మేకుకే వేలాడుతోంది.

పదింటికి, యాత్రికుల్ని తిప్పే డోరిన్ వ్యాను వచ్చి ఆగింది. నిండా నెదర్లాండ్స్ యాత్రికులు.

"తాతా, టికెట్లు తియ్యి. వీళ్ళు ప్రాగ్ నుంచి ఇక్కడిదాకా దారిలో కోట అన్నదాన్ని వదల్లేదు. మోకాళ్ళు అరిగిపోయాయి. తొందరగా చూపించి పంపించెయ్" అన్నాడు డోరిన్.

"ఇవాళ టికెట్ డబ్బుల్లో కాదురా."

సైమన్ పలకను ముందు సీట్లో ఉన్నావిడ చేతిలో పెట్టాడు. ఆవిడ పేరు హనేకె, బడిలో టీచరు. నవ్వి భర్త విమ్‌కి ఇచ్చింది. అతను వెనక్కి అందించాడు. పలక చివరి సీటుదాకా వెళ్ళింది. ఫొటోలు కూడా తీసుకున్నారు.

"ముట్టారు కదా, ఇక పని చెయ్యాలి" అన్నాడు సైమన్. "ఊరికే చేయించుకోను. చర్చి చూపిస్తాను, బురుజు ఎక్కిస్తాను, భోజనం పెడతాను."

డోరిన్ తల పట్టుకున్నాడు. "దుకాణం మూసినా బేరం మానలేదీయన. కింద వీధిలో ఇద్దరు కూలీల్ని పెట్టుకుంటే పోయేదిగా?"

"కూలీ చేతులు వేరు. పలక ముట్టిన చేతులు వేరు. నువ్వూ దిగు."

వెనక గోడ దగ్గర, పోయినేడు గాలివానకు వాల్‌నట్ చెట్టు కూలిన చోట, కొత్త చెట్టు నాటడానికనుకుని అందరూ వంతులవారీగా తవ్వారు. చోటు రెగీనా చెప్పిందే. సైమన్ పక్కన నిలబడి చూశాడు తప్ప పార తాకలేదు.

"చెట్టుకి ఇంత లోతెందుకండీ?" విమ్ చెమట తుడుచుకున్నాడు.

"ఇక్కడ చలికాలం నేల గడ్డకడుతుంది. లోతుంటేనే మంచిది."

"కొలత మీదే, ఒళ్ళు నొప్పులు మావే" అన్నాడు డోరిన్.

తవ్వకం అయ్యాక సైమన్ బేరం నిలబెట్టుకున్నాడు. అందరినీ బురుజు ఎక్కించాడు. చలికాలానికని ఊరందరి పంది మాంసం అక్కడే వేలాడదీసేవారని, ఎవరి ముక్క మీద వాళ్ళ ముద్ర ఉండేదని చెప్పాడు.

"చర్చిలో కూడా దొంగతనాలేనా?" అంది హనేకె.

"లేకపోతే ముద్రలెందుకమ్మా?"

కిటికీలోంచి కొండలు, ద్రాక్షతోటలు, ఖాళీ ఇళ్ళ ఎర్రకప్పులు కనిపించాయి. తర్వాత గంట తాడు వాళ్ళ చేతికిచ్చాడు. మధ్యలో రెండుసార్లు ఆపి మోగించమన్నాడు. వాళ్ళు పిల్లల్లా పోటీపడి లాగారు.

చర్చిలో నలుగురు తమ ఊరి గాయక బృందంలోని పాత కీర్తన అందుకున్నారు. మిగతావాళ్ళు తోచినట్టు గొంతు కలిపారు. ఆడవాళ్ళ వరుసలో ఒక చోట మాత్రం సైమన్ ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ముంగిట్లో బల్ల వేసి రొట్టె, ఉల్లిపాయలు, సారా పెట్టాడు.

"మీ ఆవిడ రాలేదే?" అంది హనేకె.

"పడుకుంది."

"లేపకండి పాపం. రొట్టె బాగుందని చెప్పండి."

"రొట్టె నేనే చేశాను. అడుగు మాడింది. ఆవిడైతే మీ ముందు పెట్టనిచ్చేది కాదు."

వ్యాను ఎక్కబోతూ హనేకె ఆగింది. "ఇన్ని చర్చిలు, కోటలు చూశాం. మాచేత పని చేయించింది మీరొక్కరే." అరిచేతిలో బొబ్బ చూపించి, ఒక మంచి మాట కోసం ఎదురుచూసింది.

సైమన్ కృతజ్ఞతలు చెప్పలేదు. ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. "మీ ఇంట్లో పని పడితే కబురు పెట్టండమ్మా. వస్తాను."

ఆ ముసలాయన అంత దూరం వచ్చి ఏం పని చేస్తాడోనని అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

వ్యాను వెళ్ళిపోయాక పలక తీసుకుని ఇంట్లోకి నడిచాడు. మంచం పట్టెమీద కూర్చున్నాడు. దుకాణం ఉన్న రోజుల్లో ప్రతి సాయంత్రం చెప్పినట్టే ఆ రోజు లెక్క రెగీనాకు చెప్పాడు.

"అంతా అయిందే. నువ్వు చెప్పిన చోటే తవ్వారు. నేను పార ముట్టలేదు. నీకు మోగించాల్సినట్టే, రెండుసార్లు ఆపి గంట మోగించారు. పాట వినపడిందా? సగం మందికి రాదు, అయినా పాడారు. రొట్టె ముక్క కూడా మిగల్లేదు. మన వీధి నిండుగా ఉన్నప్పుడు కూడా ఇంతమంది ఎప్పుడూ రాలేదు."

తర్వాత, ఇక అందించే ఇల్లు లేని ఆ పలకను ఆమె చేతుల మధ్య ఉంచి, నిన్న తెల్లవారుజామున కప్పిన తెల్లగుడ్డను మళ్ళీ ఆమె ముఖం మీదికి లాగాడు.