నాగరాజు పంపే జలపాతాలు

చెన్నకేశవులు ధర్మవరం స్టేషన్లో, పట్టాల పక్కన బోర్లా పడుకుని జలపాతం ఫోటో తీస్తున్నాడు.

జలపాతమంటే జానెడే. రైలింజన్లకు నీళ్లు పట్టే పెద్ద గొట్టం ఒకటి ఎప్పుడూ కారుతూ ఉంటుంది. ఆ ధార పడే రాళ్లకు నాచు పట్టింది. పక్కనే బాదం చెట్టు. దాని పండుటాకులు నాలుగు ఏరి రాళ్ల మీద వేసి, కెమెరా దగ్గరగా పెట్టి నొక్కితే చాలు, అడవిలో తీసిన ఫోటో కాదని ఎవరూ అనలేరు. తర్వాత ఆకులకు కుంచెతో ఎరుపు పూస్తే ఆకురాలు కాలం కూడా వచ్చేస్తుంది. వాన మొహం చూడని సీమలో జలపాతం కావాలంటే మరి ఆమాత్రం తిప్పలు తప్పవు.

"ఏమప్పా, పెండ్లికూతుర్లను ఇడిసిపెట్టి గొట్టాలకు ఫోటోలు తీస్తాండావు?" స్టేషన్లో పనిచేసే ఏసుదాసు నవ్వాడు.

చెన్నకేశవులు నవ్వలేదు. మూడేళ్లుగా నవ్వూ రాదు, ఏడుపూ రాదు. పని మాత్రం చేతులు చేసుకుపోతుంటాయి.

మూడేళ్ల కిందట అతని స్టూడియోలో ఇద్దరుండేవాళ్లు. రెండోవాడు నాగరాజు. హిందూపురంలో పెళ్లికి పంపితే పెళ్లికొడుకును వదిలేసి, అరిటాకు మీద నీటిబొట్టును ఫోటో తీసుకొచ్చే రకం. కెమెరా సంచి వాడి భుజం దిగేది కాదు. ప్రాణస్నేహితుడైన చెన్నకేశవులును కూడా దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. ఒక వానాకాలం, చిన్న చిన్న జలపాతాలు తీసుకొస్తానని కన్నడ సీమలో మలెనాడు కొండలకు పోయాడు. అక్కడ బండ మీద కాలు జారింది. సంచి ఒడ్డున దొరికింది. మనిషి దొరకలేదు.

ఆ కబురూ, సంచీ స్టూడియోకే వచ్చాయి. నాగరాజుకు ఉన్నదల్లా పెనుకొండలో అక్క బాలనాగమ్మ. తల్లి పోతే తానే తల్లయి పెంచింది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పైగా గుండె జబ్బు మనిషి.

చెన్నకేశవులు ఆమెకు చెప్పడానికే వెళ్లాడు, ఆ సంచి భుజాన వేసుకుని. గడపలోనే ఆగిపోయాడు. బాలనాగమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. చూపు సంచి దగ్గర ఆగింది.

"ఏం కేశవా, మావాడు ఏమన్నా పంపినాడా?"

అతని చెయ్యి సంచిలోకి పోయింది. నాగరాజు తీసిన ఆఖరి రీలు అతనే కడిగాడు. అందులోని ఫోటో ఒకటి చేతికి తగిలింది. చిన్న జలపాతం, తడిబండ, ఒక్క పండుటాకు.

"పంపినాడక్కా," అన్నాడు.

ఆమె ఫోటో తీసుకుంది. సంచి కూడా అతని భుజం మీంచి తీసి, మెల్లగా గోడకొయ్యకు తగిలించింది.

ఒక అబద్ధం ఆడితే దాన్ని నిలబెట్టడానికి నూరు ఆడాలి. ఆ రీలులోని ఫోటోలు నాలుగు నెలల్లో అయిపోయాయి. ఆ తర్వాత నెలనెలా స్టేషన్ గొట్టమే దిక్కయింది.

ఆమె ప్రతి ఫోటోనూ కొంగుతో తుడిచి చూసేది. "ఆడ నీళ్లు శానా చల్లగా ఉంటాయేమో," అనేది. తమ్ముడు ఎప్పుడొస్తాడని అడిగేది కాదు. జాబు ఎందుకు రాయడని అడిగేది కాదు. బతికిపోయానురా దేవుడా అనుకునేవాడు చెన్నకేశవులు.

తర్వాత కంచంలో రెండు సంగటి ముద్దలు పెట్టేది.

"వాని పాలు గూడా నువ్వే తిను నాయనా."

తినేవాడు. రుచి తెలిసేది కాదు. గడప దాటేటప్పుడు ఆమెది ఎప్పుడూ ఒకటే మాట.

"అమావాస్య దినం మాత్రం రావద్దు. ప్రయాణాలు మంచివి కాదు."

బాదం ఆకులు వేసి తీసిన ఆ ఫోటో కూడా ఇచ్చొచ్చాడు. మరుసటి నెల కెమెరా తీసుకుని స్టేషన్‌కు వెళ్తే గొట్టం లేదు. రాళ్లు ఎండిపోయాయి. నాచు పెచ్చులుగా లేస్తోంది.

"డీజిలు ఇంజన్లు వచ్చినాయి గదప్పా," అన్నాడు ఏసుదాసు. "నీళ్లు తాగే బండ్లే లేవు. ఇంక గొట్టం ఏమిటికి?"

చెన్నకేశవులు ఆ ఎండిన రాళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. అతనికి ఏమీ అనిపించలేదు. అలా అనిపించకపోవడానికే భయమేసింది. ఇక జలపాతాలు లేవు. నిజం చెప్పాలి. వినగానే ఆ గుండె ఆగిపోతే ఆ పాపం తనదే.

అయినా లేచి, వచ్చిన రైలెక్కేశాడు.

రైలుపెట్టెలో పూలబుట్టతో ఒక ముసలామె కనిపిస్తేగానీ ఆ రోజేమిటో గుర్తు రాలేదు. పెద్దల అమావాస్య. ఇంటింటా పోయినవాళ్ల ఫోటోలకు బొట్టు పెట్టి, దండ వేసి, వండి వడ్డించే రోజు. బాలనాగమ్మ రావద్దన్న అమావాస్య. ఇవాళ వెనక్కి తిరిగితే జన్మలో చెప్పలేడు. పెనుకొండలో దిగాడు.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి సాంబ్రాణి వాసన వస్తోంది.

"అక్కా," అంటూ తలుపు తోశాడు.

బాలనాగమ్మ ఉలిక్కిపడి లేచింది. చేతులు చాపి గోడకు అడ్డం నిలబడబోయింది. అప్పటికే అతను చూసేశాడు.

ఆమె వెనుక పీట మీద, పోయిన అమ్మానాయనల ఫోటోల పక్కన, పోయిన మొగుడి ఫోటో పక్కన, ఏటేటా పెట్టిన బొట్లు ఒకదాని మీద ఒకటి ఆరిపోయి, కొత్త పూలదండ వేసుకుని, రెండు సంగటి ముద్దల ముందు నిలబడి ఉంది, అతను మొట్టమొదటి రోజు ఆ సంచిలోంచి తీసి ఇచ్చిన జలపాతం.