నోటి మీద చెయ్యి

ఆరుగురి కింద ప్రకాశం ఇరుక్కుపోయాడు.

ఒకడు కాళ్ళు బిగించాడు. ఒకడు నడుం పట్టేశాడు. మిగిలినవాళ్ళు లారీలోంచి ధాన్యం బస్తాలు దొర్లినట్టు మీద పడ్డారు. కుడిచెయ్యి ఒక్కటే బయటికొచ్చి మధ్యగీత కోసం మట్టిని గీరుతోంది. గీత జానెడు దూరంలో ఉంది. కదల్లేనివాడికి జానెడైనా ఒకటే, ఆమడైనా ఒకటే.

1987 వేసవి. బాపట్లలో కబడ్డీ ఫైనల్, తెనాలికీ రేపల్లెకీ. తెనాలి ఒక్క పాయింటు ముందుంది గానీ బరిలో మిగిలింది ప్రకాశం ఒక్కడే. ఈ కూతలో అతను అవుటైతే జట్టంతా అవుటైనట్టే, ఆ అదనపు పాయింట్లతో ఆట రేపల్లెదే. ఆటతోపాటు ఉద్యోగమూ పోతుంది. గెలిచిన జట్టులో మేటి ఆటగాడికి గుమాస్తా ఉద్యోగం ఇస్తామని ఆఫీసర్లు వచ్చి ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. ప్రకాశానికి ఈ ఏటితో వయసు దాటిపోతుంది. ఆరో నెల కడుపుతో ఉన్న భార్య కరుణ పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. కూర్చోమని ఎవరు చెప్పినా వినడం లేదు.

ఇదంతా చాలనట్టు, ప్రకాశం మెడ దగ్గర పట్టు బిగించినవాడు ఆదాము. కరుణకి సొంత అన్న. తనకి చెప్పకుండా చెల్లెల్ని పెళ్ళి చేసుకున్నాడని రెండేళ్ళుగా బావ మొహం చూడనివాడు. మనిషి మంచివాడే. పంతం పట్టాడంటే మాత్రం ఉడుంపట్టే.

అంపైర్ గౌరీశంకరం మాస్టారు పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊపిరి తీయకుండా ‘కబడ్డీ కబడ్డీ’ అంటూనే ఉంటే రైడర్ బతికున్నట్టు. ఆపేస్తే అవుట్. కానీ జనం గోలలో ఆ మనుషుల గుట్టకింద కూత ఉందో పోయిందో దేవుడికే తెలియాలి. అందుకే ఆయన ఆటకి ముందే రెండు జట్లనీ నిలబెట్టి చెప్పాడు.

“కూత ఆగితే అవుట్. కూత ఎవరైనా ఆపితే మాత్రం అవుట్ కాదు. నా దగ్గర వేషాలొద్దు.”

ఇప్పుడు ఆయన వంగాడు. చెవి నేలకి ఆనించబోయాడు. సరిగ్గా అప్పుడే, ఆయన కళ్ళెదుటే, ఆదాము అరచెయ్యి ప్రకాశం నోటిమీద పడింది. మూతి కనపడకుండా మూసేసింది.

విజిల్ మోగింది.

“నోరు మూశాడు! రైడర్ నాటౌట్!”

ఆ వెంటనే టైమూ అయిపోయింది. తెనాలివాళ్ళు గంతులేశారు. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు.

రేపల్లె కెప్టెన్ పాండురంగ వచ్చి ఆదాము బనీను పట్టుకున్నాడు.

“దొరికినోడు ఎక్కడికి పోతాడని నోరు మూశావురా?”

“చెయ్యి జారింది.”

“జారిందా? నీ బావ మీద కసి తీర్చుకోడానికి మా అందరి కొంపా ముంచావు కదరా!”

ఆదాము బనీను విడిపించుకున్నాడు. రెండేళ్ళపాటు ఏ పోటీలోనూ ఆడకూడదని మైకులో చెప్పేశారు. జనంలోంచి ఎవరో చెప్పు విసిరారు. భుజానికి తగిలింది. దులుపుకుని ఒక్కడే రేపల్లె బస్సెక్కాడు. సొంత జట్టు కూడా పక్కన కూర్చోలేదు. కూర్చోరు మరి, అలాంటివాడి పక్కన ఎవరు కూర్చుంటారు?

తెనాలి పాసింజర్ కిక్కిరిసిపోయింది. కిటికీ పక్కన కరుణ, ఆమెని ఆనుకుని ప్రకాశం. చుట్టూ జట్టువాళ్ళు. “గుమాస్తాగారూ, పార్టీ ఎప్పుడండీ?” అని ఒకటే అల్లరి. అతను మాత్రం గుట్టకింద ఉన్నప్పటి మొహంతోనే కూర్చున్నాడు.

కరుణ కళ్ళు తుడుచుకుంది.

“మా అన్నయ్య మన మొహం చూడనన్నప్పుడు కూడా ఇంత బాధపడలేదండీ. మనసు ఎప్పటికైనా మారకపోతుందా అనుకున్నాను. ఇవాళ అంతమందిలో మీ నోరు మూసి ఊపిరాడకుండా చేశాడు చూడండి, అది మర్చిపోలేను. నాకిక అన్న లేడు. పుట్టే బిడ్డకి మేనమామా లేడు.”

ప్రకాశం చుట్టూ చూశాడు. లేచి వెళ్ళిపోదామన్నా కాలు కదిపే సందు లేదు. ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“మీ అన్న చెయ్యి పడకముందే నా కూత ఆగిపోయింది కరుణా. అది తనకి తెలుసు.”