సానరాయి

"ఇంకొక్క బుట్ట," అన్నాడు నాన్న, టెన్నిస్ నెట్ పక్కనుంచి.

అక్క బుట్టలోంచి మరో బంతి తీసి ఎడమచేత్తో సర్వీస్ కొట్టింది. కొట్టిన ప్రతిసారీ ఆమె పెదవి బిగించుకోవడం, గోడవార బెంచీ మీద కూర్చున్న ఫిజియో కంటపడుతూనే ఉంది. అవతలి గీత దగ్గర చెల్లెలు ఆ బంతిని అవలీలగా తిప్పికొట్టింది.

"బంతి ఇంకా బయటికి పోవాలక్కా. పొడుగుపిల్ల నన్ను కోర్టు దాటించేస్తుంది."

పొడుగుపిల్ల అంటే ఎల్లుండి ఫైనల్లో చెల్లెలితో తలపడబోయే అమ్మాయి. ఎడమచేతి వాటం. ఆ వాటం వాళ్ళు కొట్టిన బంతి, మిగతావాళ్ళకు అలవాటు లేని వైపు వంపు తిరుగుతుంది. అందుకే పెద్ద ఆటగాళ్ళు సాధన కోసం ఎడమచేతివాళ్ళను ఊరూరా వెతుక్కుంటారు. ఈ ఇంట్లో ఆ వెతుకులాట లేదు. అక్క ఉంది.

చెల్లెలి వెంట తిరిగే జట్టులో అందరికీ ఆమె అక్కే. ఆమెకంటే పెద్దవాడైన డ్రైవరు కూడా అక్కా అనే పిలుస్తాడు. ఫిజియో చేరి నెల కూడా కాలేదు. ఆమెను పెట్టుకున్నది చెల్లెలి ఒళ్ళు చూడటానికి. అక్క ఒళ్ళు చూడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం చికిత్స గదిలో, అక్క ఎడమ మోచేతికి ఐసు పెడుతూ ఫిజియో అంది. "స్కాన్ చూశాను. కీలును పట్టి ఉంచే లిగమెంట్ సగం చిరిగింది. ఇవాళ ఆపితే చెయ్యి దక్కుతుంది. ఆపకపోతే ఇక రాకెట్ మాట మర్చిపోవాలి."

"ఎల్లుండి దాకా ఆగుతుందా?"

"నేను చెయ్యి గురించి చెబుతుంటే నువ్వు తేదీ అడుగుతావేం?"

అక్క నవ్వింది. టీ కప్పు కుడిచేత్తో అందుకుంది. "ఈ ఫైనల్ అయ్యాక నన్ను వదిలేస్తానన్నారు నాన్న. ఒక్క పోటీ, నా పేరు మీద నన్ను ఆడుకోనిస్తారట. ఏ మారుమూల పోటీ అయినా సరే డాక్టరుగారూ. చూసేవాళ్ళు లేకపోయినా సరే."

"ఈ చేత్తోనా?"

అక్క టీ ఊదుకుంది.

ఫిజియో ఆమె రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. చిన్నతనం నుంచి రాకెట్ పట్టిన చేతికి ఎముక ముదిరి మణికట్టు లావెక్కుతుంది. అక్క కుడి మణికట్టూ లావుగానే ఉంది. బ్యాక్‌హ్యాండ్ దెబ్బ రెండు చేతులతో ఆడేవాళ్ళకు అది మామూలేనని వదిలేసింది.

ఫిజియో వెళ్ళేసరికి నాన్న పక్కగదిలో రాకెట్‌కు తీగలు బిగిస్తున్నాడు. ఆయన సామాన్ల పెట్టెలో ఒక చిన్న బహుమతి కప్పు. అందులో కత్తెర, టేపు చుట్టలు.

"అది పెద్దదానిదమ్మా," అన్నాడు ఫిజియో చూపు గమనించి. "పన్నెండేళ్ళలోపు పిల్లల పోటీ. ఫైనల్లో చెల్లెల్నే ఓడించింది. చిన్నది రెండ్రోజులు అన్నం ముట్టలేదు."

"తర్వాత?"

"తర్వాత పెద్దదాని ఆట పోయింది. ఎంత కొట్టినా చిన్నదాని మీద మళ్ళీ గెలవలేదు. కొందరికంతే."

"ఆ చెయ్యి ఇక ఆడకూడదు సార్."

ఆయన తీగ లాగి, వేలితో మీటి, శబ్దం విన్నాడు. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవమ్మా. పెద్దదానిది సర్దుకుపోయే గుణం. కత్తికి పదును రావాలంటే ఇంట్లో సానరాయి ఉండాలి."

"సానరాయీ అరుగుతుంది సార్."

"అరగకపోతే పదునెక్కడిది?" అన్నాడు తల ఎత్తకుండా.

మర్నాడు సాయంత్రం, ఆఖరి బుట్ట సగంలో ఉండగా అక్క చేతిలోంచి రాకెట్ జారిపోయింది. ఆమె మోచెయ్యి పట్టుకుని నేలమీద కూర్చుంది. చెల్లెలు నెట్ దాకా పరుగున వచ్చి, "అక్కా, ఇంకో పది సర్వీసులు..." అనబోయి అక్క ముఖం చూసి ఆగిపోయింది.

ఫైనల్ రోజు అక్క స్టేడియానికి వెళ్ళలేదు. చేతికి కట్టుతో చికిత్స గదిలో ఫిజియో పక్కన కూర్చుని టీవీలో చూసింది. పొడుగుపిల్ల వంపు తిప్పిన ప్రతి బంతి దగ్గరికీ చెల్లెలు ముందే చేరుకుంది. తెలిసిన వీధిలో నడిచినట్టు ఆడింది. గెలిచింది. మైకు పట్టుకుని ఏడ్చింది.

"మా అక్క ఎడమచెయ్యే లేకపోతే ఈ కప్పు లేదు," అంది.

"విన్నారా?" అంది అక్క. "చేతికి పేరొచ్చింది. నాకే ఇంకా రాలేదు."

ఫిజియో టీవీ ఆపేసింది.

చీకటి పడే వేళకు నాన్న వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దకూతురి కట్టు మీద చెయ్యి వేశాడు.

"నొప్పిగా ఉందా, పెద్దదానా?"

"ఇప్పుడు లేదు నాన్నా."

"లిగమెంట్ పూర్తిగా తెగిపోయింది. ఇక నొప్పి ఉండదు కూడా," అంది ఫిజియో. "ఈ చేత్తో ఆమె దువ్వెన కూడా సరిగా పట్టలేదు. నిండా ముప్పయ్యేళ్ళు లేవు."

నాన్న తల ఊపాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే, మాటిచ్చాను. తప్పను. వచ్చే నెల పోటీకి నీ పేరు పంపిస్తున్నాను. ఇక నీ ఆట నువ్వు ఆడుకో."

ఫిజియోకు ఒళ్ళు మండింది. "పుండు మీద కారం చల్లడం కాకపోతే ఏమిటి సార్ ఇది? ఏ చేత్తో ఆడుతుంది?"

అక్క కిటికీ వైపు తిరిగింది. తెలిసిన సంగతే ఎందుకు అడుగుతున్నారన్నట్టు నాన్న ఫిజియోను చూశాడు.

"దానిది పుట్టుకతో కుడిచేతి వాటమే కదమ్మా. చిన్నప్పటి ఆ కప్పు గెలిచింది ఆ చేత్తోనే."