పక్క మంచం నొప్పి

అక్క, అంటే నా తోడికోడలు, మోకాలి ఆపరేషన్ చేయించుకుందని పంతానికి నేనూ చేయించుకున్నాను. మావి పక్కపక్క మంచాలు. పాదాలకు మర్దన చేస్తే నొప్పి తగ్గుతుందేమో చూస్తానని నర్సింగు చదివే పిల్ల, ఎవరికి చెయ్యాలో ఎవరికి మానాలో చీటీలు వేసింది. రోజూ నూనె మర్దన అక్కకు పడింది, నాకు ఉత్త మాత్రలు. నా ఒళ్ళు మండిపోయింది.

చివరి రోజు ఆ పిల్ల మా మంచాల మధ్య నిలబడి, “నొప్పి పదికి ఎంత ఉందండీ?” అని అడిగింది.

“మూడు,” అంది అక్క, నాకు వినబడేలా.

“నాకు రెండే,” అన్నాను పళ్ళు బిగబట్టి.

పిల్ల ముఖం వాడిపోయింది. “అయితే మర్దన వల్ల లాభం లేదన్నమాట. ఉంటే రేపట్నుంచి మీకూ చేద్దామనుకున్నాను పిన్నిగారూ.”

ఆమె వెళ్ళాక అక్క మూలిగింది. “నీకు నిజంగా రెండేనా?”

“ఎనిమిది. నీకో?”

“తొమ్మిది. నువ్వు కుళ్ళుకోవాలని మూడన్నాను.”

చూశారా, నొప్పిలోనూ అక్కదే పైచెయ్యి.