ఏటి ఒడ్డున షూటింగు

రెండు లారీలు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఏటి ఒడ్డున ఆగాయి. తుపాకులతో తెల్లవాళ్లు దిగారు. ఒకడి భుజాన మోకు ఉంది.

కెమెరా పిడి తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

అది నల్లవాళ్లు తీసి, నల్లవాళ్లు ఆడి, నల్లవాళ్లే చూసే సినిమా. జార్జియా పల్లెల్లో అయితే ఖర్చు కలిసొస్తుందని షికాగో నుంచి వచ్చారు. హీరో లూసియస్ ఒంటిమీది సిల్కు సూటు కూడా ఎరువు తెచ్చిందే. ఇప్పుడు ఆ సూటే కొంప ముంచింది. సూటు వేసుకున్న నల్లవాడెవడో పొద్దున పత్తిమిల్లు యజమానిని కొట్టి పారిపోయాడట.

“వీడే,” అన్నాడు మోకువాడు.

దర్శకుడు వాన్ టోపీ తీసి, తెల్లారినప్పటినుంచీ అందరం ఇక్కడే ఉన్నాం దొరా అని చెప్పబోయాడు. తుపాకి మడమ దెబ్బకి కూలబడ్డాడు.

మోకు కొమ్మమీదికి విసిరారు.

అంతలో చెట్ల వెనకనుంచి షెరీఫ్ వచ్చాడు. రొమ్ముమీద బిళ్ల, నడుముకి పిస్తోలు. వస్తూనే లూసియస్ చెంప ఛెళ్లుమనిపించి, చేతులకి బేడీలు తగిలించాడు.

“పక్క జిల్లా షెరీఫ్‌ని. వారంనించీ వీడికోసమే తిరుగుతున్నా. వీణ్ని నాకొదిలెయ్యండి.”

“అంత దూరం మోసుకెళ్లడం దేనికి? ఇక్కడే కానిచ్చేద్దాం.”

“మోకులు మా ఊళ్లోనూ దొరుకుతాయిలే.”

మోకువాడు దగ్గరికొచ్చాడు. షెరీఫ్ మొహంలో మొహం పెట్టి, మీదే ఊరు, మీ నాన్న పేరేమిటని ఆరా తీశాడు. లూసియస్ తల ఎత్తలేదు.

షెరీఫ్ తాపీగా పొగాకు ఉమ్మి, ఊరూ పేరూ చెప్పాడు. తర్వాత వాన్ మనుషులవైపు తిరిగాడు.

“మీకు వేరే చెప్పాలట్రా? డబ్బాలు సర్దుకుని ఇప్పుడే జిల్లా దాటండి.”

లూసియస్‌ని చెట్ల వెనక ఉన్న కారు దాకా ఈడ్చుకెళ్లి, వెనక సీట్లోకి తోసి, తనే నడిపాడు.

ఒక లారీ వెంటబడింది. లూసియస్‌కి చిన్నప్పటినుంచీ వచ్చిన ప్రార్థన ఒక్క ముక్కా గుర్తుకి రాలేదు. షెరీఫ్ ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. జిల్లా సరిహద్దు వంతెన దగ్గర లారీ కాసేపు ఆగి, మళ్లిపోయింది.

ఇంకా చాలా దూరం పోయాక కారు ఆగింది. షెరీఫ్ దిగి, కాలవగట్టున వంగి భళ్లున వాంతి చేసుకున్నాడు.

ఆ తర్వాత టోపీ తీసి, సినిమాలో షెరీఫ్ దొర వేషం కోసం, పుట్టుకతోనే తెల్లగా ఉన్న మొహానికి దట్టించిన పౌడరు రుమాలుతో తుడుచుకుంటూ, “అమ్మకి మాత్రం చెప్పకు అన్నయ్యా,” అన్నాడు.